అడవి చూపించేవారి చదువు

కెలవరపల్లి ఆనకట్ట చూడని కుటుంబం మన హోసూరులో వుండదు. పండుగ మరునాడు పులిహోర కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, నీళ్ళు చూసి, నాలుగు ఫోటోలు తీసుకొని పొద్దుగుంకేలోగా ఇల్లు చేరడం మనకు అలవాటు. పిల్లలు ఊరకే వుండరు గదా! ఆ నల్లపిట్ట ఎండలో రెక్కలు చాచుకొని ఎందుకు నిలబడ్డది, ఈ యేరు ఎక్కడ పుట్టింది, నీళ్ళమీద ఆ తెల్లని నురుగేమిటి అని అడుగుతారు. తండ్రి "ఏదో కొంగలే" అంటాడు. తల్లి "నురుగు దగ్గరకు పోకండి" అంటుంది. పాఠం అక్కడితో ముగుస్తుంది.

ఆ మూడు ప్రశ్నలకూ మంచి జవాబులే వున్నవి. ఆ పిట్ట కొంగ కాదు, నీటికాకి. చేపకోసం మునిగినప్పుడు దాని ఈకలు తడిసి బరువెక్కుతాయి. అందుకని ఒడ్డున నిలబడి ఆరబెట్టుకుంటుంది. యేరు దక్షిణ పినాకిని. నందికొండల్లో పుట్టి, బెంగుళూరు తూర్పు పొలిమేరల మీదుగా మన దగ్గరకు వచ్చి, ఆపైన కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక నురుగు సంగతి: మహానగరపు మురుగుతోపాటు వచ్చే సబ్బుపొడుల మలినం, కార్ఖానాల మలినం, గేట్లనుండి నీరు దూకేటప్పుడు చిలికినట్లై పొంగుతుంది. వానలకాలంలో అది దూదికొండలవలె పేరుకొనడం పత్రికలలో చాలాసార్లు వచ్చినదే. తల్లి చెప్పిన మాట సరైనదే. అయితే కారణం కూడా చెప్పివుంటే పిల్లవాడికి జీవితాంతం గుర్తుండేది.

ఇటువంటివి చూపి, చెప్పి, అవసరమయినచోట ఆపి, మనుషులను క్షేమంగా తిరిగి తీసుకురావడం ప్రపంచమంతటా ఒక వృత్తి. దానికి శిక్షణ వున్నది, పరీక్ష వున్నది, యోగ్యతాపత్రమూ వున్నది. ఆ సంగతి మన కుటుంబాలవారికి, అందులోనూ చదువు ముగించి ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడదామా అని ఆలోచించే పిల్లలున్నవారికి, తెలియడం మంచిదని ఈ వ్యాసం.

కెలవరపల్లి జాతీయోద్యానవనం కాదనుకోండి. కాని అడవి మనకేమీ దూరం కాదు. పడమట 1974లో ఏర్పడిన బన్నేరుఘట్ట జాతీయోద్యానవనం వున్నది. దాన్ని ఆనుకొని మనవైపు తళి, జవళగిరి, అంచెట్టి, ఉరిగం అడవులు. వీటిలో సుమారు 504 చదరపు కిలోమీటర్ల మేరను 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు. 2022లో మరి 686 చదరపు కిలోమీటర్లతో కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చింది. ఏనుగులు, చిరుతలు, కావేరి ఒడ్డున మొసళ్ళు, నీటికుక్కలు, చెట్లమీద బూడిదరంగు పెద్ద ఉడుతలు – ఇంత సంపద మన పెరటిలో వున్నది.

ఏనుగుల గూర్చి మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. రాగిపైరు కంకి వేసే రోజులకు బన్నేరుఘట్టవైపునుంచి మందలు బయలుదేరి జవళగిరి, డెంకణికోట మీదుగా శానమావు అడవిదాకా వస్తాయి. కొన్ని రాజరస్తా దాటి అవతలకూ పోతాయి. మనవాళ్ళు కుప్పం, పలమనేరు వైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎప్పటినుంచో వున్నదే. ఏనుగులు కూడా 1980 దశకంలో ఈ హోసూరు, ఆనేకల్లు అడవులనుంచే అటు వెళ్ళి కాపురం పెట్టాయి. వాటికోసమే చిత్తూరు జిల్లాలో 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చుట్టరికం ఇచ్చినంత సంతోషం అక్కడి చెరకుతోటలవారికి కలగలేదనుకోండి! ఏనుగువల్ల రైతూ, రైతు కరెంటు తీగవల్ల ఏనుగూ చచ్చిపోయే ఈ సీమలో, అడవి చూడవచ్చే పట్నవాసికి త్రోవ చూపడం వినోదం మాత్రమే కాదు.

పూర్వం త్రోవ చూపేవాడికి కాగితం అక్కరలేదు. బెంగుళూరులో వుండి ఈ అడవులన్నీ తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో జవళగిరి నరభక్షక వ్యాఘ్రం కథ వ్రాశాడు. చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథా అందులోనే వున్నది. ఆ పుస్తకంలోనే బైరా అనే పూజారి తెగవాడికి ఒక అధ్యాయం పూర్తిగా కేటాయించాడు. బైరా దొంగవేట చేసి పొట్టపోసుకొనేవాడు. అడవి చదవడంలో మాత్రం దొరకు గురువు. దొర పేరు పుస్తకాలమీద నిలిచింది. బైరావంటివారి విద్యకు ఏ సర్కారూ ఏ ముద్రా వేయలేదు.

ఆ ముద్ర మొదట పడింది అమెరికాలో. అక్కడి రాకీ పర్వతాల జాతీయోద్యానవనంలో 1917లో ఎస్తర్ బర్నెల్, ఎలిజబెత్ బర్నెల్ అనే అక్కచెల్లెళ్ళు పరీక్ష ఇచ్చి ప్రకృతి మార్గదర్శకులుగా అనుమతి పొందారు. వారిని తయారుచేసినవాడు ఈనాస్ మిల్స్. కొండదారిలో పిల్లలను నడిపిస్తూ, పేర్లు వల్లెవేయించకుండా, ఒక్కొక్క జంతువు బ్రతుకుకథ చెప్పడం ఆయన పద్ధతి. పరీక్షలో నెగ్గినా, చెట్లు పెరగని ఎత్తుకు మగ గైడు తోడులేకుండా పోరాదని ఆ ఆడవారికి షరతు పెట్టారట. ఎలిజబెత్ తరువాత ఆ కొండ శిఖరానికే జనాన్ని తీసుకువెళ్ళింది. 1925లో యోసెమిటీలో ఇందుకు ఒక బడి కూడా పెట్టారు.

మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోను, పులుల పథకం 1973లోను వచ్చినా, గైడు చదువు చాలాకాలం ఎవరిష్టం వారిదిగా నడిచింది. 2012లో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల నడిగడ్డలో సందర్శకులను కొన్నినెలలు ఆపివేసింది. ఆ అక్టోబరులో కేంద్రంవారు నియమాలు ప్రకటించాక మళ్ళీ అనుమతించింది. గైడులూ, బండి నడిపేవారూ ఒక చిన్న శిక్షణ పొందాలనీ, తరువాత నోటిపరీక్ష జరిపి వనాధికారులు యోగ్యత నిర్ణయించాలనీ, యూనిఫారం, పేరుబిళ్ళ వుండాలనీ ఆ నియమాల సారాంశం. మన కావేరి అడవులు పులుల అభయారణ్యాలు కావు కనుక అవి ఇక్కడ నేరుగా వర్తించవు. అయినా 'నోటిపరీక్ష' అన్న మాట నాకు బాగా నచ్చింది. నేలమీది అడుగు చదవగలవాడిని అచ్చుకాగితం చదవలేదని త్రోసివేయకుండా ఆ ఒక్క మాట కాపాడుతుంది.

ఇంతకూ ఏమి నేర్పుతారు? చెట్టూ పిట్టా పేర్లు సరే. అసలు చదువు జాడలది. ఏనుగు ముందుకాలి అడుగుచుట్టూ దారం పెట్టి కొలిచి, దాన్ని రెట్టింపు చేస్తే ఇంచుమించు దాని భుజం ఎత్తు వస్తుంది. లద్దె వేడిగా వున్నదా, ఆరి పురుగుపట్టిందా చూస్తే మంద ఎంతసేపటిక్రితం పోయిందో తెలుస్తుంది. పుట్ట త్రవ్వివుంటే ఎలుగు దగ్గరలో వుండవచ్చు. వంపు తిరిగేముందు దగ్గడమో గొంతు సవరించడమో మేలు, ఎందుకంటే ఎలుగుకు తత్తరపాటే కోపం. ఏనుగు విషయంలో గాలి ముఖ్యం. గుడ్డమూటలో కాస్త బూడిద వుంచుకొని విదిలిస్తే గాలివాటు తెలుస్తుంది. మనమీదుగా మందవైపు వీస్తున్నదంటే ఆ దారి మానుకోవలసిందే. చెవులు విసురుకుంటూ మేస్తున్న ఏనుగు వేరు, చెవులు చాచి కదలకుండా నిలబడి చూసే ఏనుగు వేరు. రెండవదాన్ని చూసినవాడు ఫోటో సంగతి మరచిపోవాలి.

పాము కరిస్తే కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా కట్టు బిగించరాదు. కరచిన అవయవాన్ని కదలనీయకుండా విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. మన పెద్దవారిలో చాలామంది ఈ మాట ఇంకా ఒప్పుకోరు. కొండతేనె పట్టున్నచోట అత్తరు పూసుకొని పోరాదు. ఎండుగడ్డి కొండలో పొగవాసన వస్తే మంట కొండ ఎక్కేదిశన పరుగెత్తరాదు. మంట ఎగువకే వేగంగా పాకుతుంది.

ఈ చివరిమాట ఎంత ఖరీదయినదో 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణిలో తెలిసింది. కొండనడకకు పోయినవారు గడ్డిమంటల్లో చిక్కుకొని ఇరవైమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. చాలామంది చిన్నవయసువారు. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వం అడవుల్లో కొండనడకకు నియమాలు చేసింది. 2024 అక్టోబరులో 'ట్రెక్ తమిళనాడు' పేరిట 14 జిల్లాల్లో 40 దారులు తెరిచారు. సులభం, మధ్యమం, కఠినం అని వాటిని విభజించి, దగ్గరి పల్లెలవారికీ, గిరిజన యువకులకూ శిక్షణ ఇచ్చి, వారు వెంటరానిదే ఎవరూ అడుగుపెట్టకుండా చేశారు. మన కృష్ణగిరి జిల్లాలోని అయ్యూరు–సామియేరి దారి, గుత్తిరాయన్ శిఖరం ఆ జాబితాలో వున్నవి. వేసవి మంటలకాలంలో దారులు మూసివేస్తారు.

ఇక్కడ అసలు చిక్కు చెప్పాలి. పట్నంనుంచి డబ్బిచ్చి వచ్చినవాడికి ఏనుగు కనబడాలి, దగ్గరగా కనబడాలి, ఫోన్లో పడాలి. "ఇంకాస్త ముందుకు పోదాం, నీకు వేరే ఇస్తాను" అంటాడు. ఆ మాటకు లోబడితే గైడుకు ఆ పూట లాభం. వెనక్కు మళ్ళిన ఏనుగు మాత్రం ఆ కోపం మరునాడు అడవిలోకి పోయే కట్టెలమనిషిమీద తీర్చుకోవచ్చు. యోగ్యతాపత్రం విలువ, నా మట్టుకు, చెట్ల పేర్లలో లేదు. డబ్బిచ్చేవాడితో "కాదు, వెనక్కు తిరగండి" అనే అధికారం అది కూలివాడికి ఇస్తుంది. మెడలో బిళ్ళ లేనివాడు అంటే పొగరంటారు. బిళ్ళ వున్నవాడు అంటే నియమం అంటారు.

అయితే ఆ అధికారం ఆకలికడుపుతో నిలబడదు. కేరళలోని తేక్కడిలో పెరియార్ అడవినుంచి దాల్చినచెక్క వంటి వయణచెక్కను దొంగతనంగా ఒలిచి అమ్ముకొనేవారుండేవారు. 1990 దశకం చివరలో వారిమీది పోరు మాని, వారినే ఒక సంఘంగా చేర్చి, సందర్శకులను నడిపించే పని ఇచ్చారు. దొంగదారులన్నీ తెలిసినవారు గనుక కాపలాకూ వారే మేలయినారు. సందర్శకులనుండి వచ్చిన రాబడిలో వారికి భాగం వుండడమే ఆ పథకం నిలవడానికి కారణం. తెలంగాణలో అమ్రాబాదు పులుల అభయారణ్యంలోనూ 2021నుంచి మన్ననూరులో బస ఏర్పరచి, నల్లమల చెంచు యువకులకు నేర్పి గైడులుగా పెట్టారు. చెంచులకు అడవి నేర్పడమేమిటని నవ్వవచ్చు. వారికి నేర్పింది అడవి కాదు. అడవి తెలియనివాడితో మాట్లాడడం, గుంపును లెక్కపెట్టడం, గాయానికి కట్టుకట్టడం. వానాకాలంలో పులుల అడవి మూస్తారు, ఇక్కడ ఎండాకాలంలో మూస్తారు. ఆ నెలల్లో గైడుకు మంటల కాపలానో, ఏనుగుల కాపలానో జీతంమీద ఇవ్వని పథకంలో కాగితం గోడకు వ్రేలాడుతుంది, మనిషి బెంగుళూరు కట్టడాలపనికి పోతాడు.

మన పిల్లలకు ఈ పనిలో ఒక పెట్టుబడి పుట్టుకతో వున్నది. మొరసునాటి బిడ్డ ఇంట తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతాడు. కానుగను కన్నడిగుడు హొంగె అంటాడు, తమిళుడు పుంగం అంటాడు. మన నేరేడు వారి నేరళె, వీరి నావల్. రేల వారికి కక్కె, వీరికి కొన్నై. యేటిఒడ్డున వుండే తెల్లమద్ది హొళెమత్తి, నీర్ మరుదు. పుస్తకం చదివి వచ్చిన బెంగుళూరు కుర్రవాడికి లాటిను పేరు తెలిసివుండవచ్చు. కాని వంటచెరకు మోసుకువచ్చే అవ్వను "ఈ పొద్దు అటువైపు ఏనుగులున్నవా?" అని ఆమె భాషలో అడిగి, జవాబు అర్థంచేసుకొని, వెనకనున్న చెన్నపట్నంవారికి తమిళంలోనూ బెంగుళూరువారికి కన్నడంలోనూ "ఇక్కడనుంచి మళ్ళుదాం" అని నవ్వుతూ చెప్పి ఒప్పించగలవాడు దొరకడం కష్టం. ఆడపిల్లలు ఈ పనికి పనికిరారన్న మాట 1917లోనే తేలిపోయింది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర పులుల అడవుల్లో పల్లెటూరి స్త్రీలు యూనిఫారం వేసుకొని జీపులో ముందుకూర్చొని వెళ్ళడం నేడు మామూలు.

పెద్ద అడవికి పోయేలోపల మొదటి అభ్యాసానికి కెలవరపల్లి గట్టు చాలు. అక్కడ ఏనుగు భయం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఒక పదేళ్ళ పిల్లవాడికి నీటికాకిని చూపి, నురుగు ఎక్కడనుంచి వచ్చిందో చెప్పి, నీళ్ళలో దిగకుండా ఆపి, విసుగు పుట్టకముందే వెనక్కు తీసుకురాగలిగితే సగం నోటిపరీక్ష అయినట్లే. తక్కిన సగానికి అయ్యూరు పోవాలి.