బస్సు జూపార్క్ దాటిపోయింది

శంషాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ వెళ్లే సిటీ బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఆరేళ్ల బాబు నాయనమ్మతో పోట్లాడి గెలిచాడు. వాడి కుడి బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. గగన్‌పహాడ్ దాటాక ఒకసారి, ఆరాంఘర్ దాటాక ఇంకోసారి, "జూ ఇంకెంత దూరం?" అని అడిగాడు. "వస్తది బిడ్డా, కూసో" అంది నాయనమ్మ. బహదూర్‌పురాలో జూపార్క్ రానే వచ్చింది. వాడు లేచి నిలబడ్డాడు. బస్సు ఆగింది, దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. నాయనమ్మ కదల్లేదు. గేటు వెనక్కి పోయింది. వాడు గేటు వైపు చూశాడు, ఆమె మొహం చూశాడు. ఇక ఏమీ అడగలేదు.

వాడు మా చెల్లెలి కొడుకు. చెల్లెలికి ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ, మరిదికి పగటి డ్యూటీ. అందుకే వాడి వెంట నాయనమ్మ, తోడుగా నేను. పిప్పి పన్ను తీయించాలి. "జూకు పోదామని చెబితేగానీ రాడు" అని ఇంట్లో అనుకున్నప్పుడు నేనూ తలూపాను. ఆ రోజు కుర్చీ ఎక్కాక వాడు నోరు తెరవలేదు. వాపు తగ్గడానికి మందు రాయించుకుని, పన్నుతోనే తిరిగొచ్చాం.

పాలపన్నే కదా?

"ఎలాగూ ఊడేదే కదా, దానికింత హంగామా ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. పాలపళ్లు 20. ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి కానీ, వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. మావాడికి పుచ్చింది వెనక పన్నే. అంటే అది ఇంకో నాలుగైదేళ్లు పనిచేయాల్సిన పన్ను. పుచ్చు లోపలి నరం దాకా దిగితే చీము పడుతుంది. కింద ఎదుగుతున్న అసలు పన్ను మొలకకూ ముప్పే. అందుకే డాక్టర్లు వీలైనంతవరకు లోపల శుభ్రం చేసి, పైన స్టీలు తొడుగు వేసి పాలపన్నును కాపాడాలని చూస్తారు. అది కుదరనప్పుడే తీసేస్తారు. తీశాక పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగిపోకుండా, అవసరమైతే చిన్న తీగ లాంటి అమరిక పెడతారు.

ఇంకో సందర్భం ఉంది. కింది దవడలో పాలపన్ను ఊడకముందే దాని వెనక అసలు పన్ను మొలిచి, రెండు వరసలు కనిపిస్తాయి. ముందు పన్ను కదులుతుంటే చాలాసార్లు అదే ఊడిపోతుంది. కదలకపోతే తీయాల్సి రావచ్చు. ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. ఆరేళ్ల ప్రాంతంలో అన్నిటికంటే వెనక, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పన్ను వస్తుంది. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సినది. "పాలపన్నే కదా" అనుకుని దాన్ని పుచ్చనిచ్చే తల్లిదండ్రులు ఎందరో.

'పీకడం' అనే మాటే సరికాదు

దానంతట అది ఊడిన పాలపన్నుకు వేరు కనిపించదు. కింద నుంచి వచ్చే పన్ను ఆ వేరును కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది. ముందే తీసిన దవడ పన్నుకు మాత్రం పొడవాటి వేళ్లు, కాళ్లు చాపి కూర్చున్నట్టు ఉంటాయి. ఎముకలోంచి దాన్ని ఒక్క గుంజుతో లాగరు. పటకారుతో పట్టి లోపలికి నొక్కుతూ, అటూ ఇటూ మెల్లగా ఊపుతూ, గుంతను వదులు చేస్తారు. లాగడం చివరి క్షణంలో జరిగే చిన్న పని. పిల్లలకు తెలిసేదల్లా ఆ నొక్కుడే.

నొప్పిని ఆపేది మత్తు మందు. ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ దీన్ని 1943లో తయారుచేశారు. నొప్పి కబురు నరం వెంట మెదడుకు పోవాలంటే నరం పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి రావాలి. మందు ఆ ద్వారాలను మూసేస్తుంది. కబురు దారిలోనే ఆగిపోతుంది. చీము పట్టిన చోట ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి మందు సరిగా పనిచేయదు. "ముందు వాపు తగ్గనివ్వండి" అని డాక్టర్ తిప్పి పంపడానికి ఇదీ ఒక కారణం.

నొప్పి ఆగినా నొక్కుడు తెలుస్తూనే ఉంటుంది. ఈ తేడా ముందే చెప్పకపోతే పిల్లలు నొక్కుడునే నొప్పి అనుకుని బెదిరిపోతారు. రెండోసారి వెళ్లేముందు చెల్లెలు వాడికి ఇలా చెప్పింది: "మన డాబా మీద నుంచి విమానం పోతుంటది చూడు నాన్నా, ఎంత చప్పుడైతది! కిటికీలు గూడ అదురుతయి. కానీ మనకు తాకుతదా? పన్ను తీసేటప్పుడు గూడ అట్లనే. గట్టిగ నొక్కినట్టు తెలుస్తది, నొప్పి తాకదు." 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఆ చప్పుడు కింద పెరిగే పిల్లలకు ఇంతకంటే మంచి పోలిక ఏముంటుంది?

సూది పేరు చెప్పి అన్నం

నొప్పి సంగతి డాక్టర్ చూసుకుంటారు. భయం సంగతి మాత్రం ఇంట్లోనే తేలాలి, ఎందుకంటే అది తయారయ్యేది ఇంట్లోనే. "అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా" అని మూడేళ్లుగా బెదిరించి, ఆరో ఏట అదే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి "మంచివాళ్లు, ఏం చేయరు" అంటే ఏ పిల్లవాడు నమ్ముతాడు?

పిల్లల దంతవైద్యులకు ఒక పద్ధతి ఉంది. 1959లో అడెల్‌స్టన్ అనే వైద్యుడు దాన్ని వివరించారు. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆపైన చెయ్యి. నీళ్లు చిమ్మే గొట్టాన్ని ముందు అరచేతి మీద పెట్టి చూపిస్తారు, తర్వాతే నోట్లో పెడతారు. మొదట చిగురుకు మందు పూసి మొద్దుబార్చి, ఆ తర్వాతే సూది వేస్తారు. ఇంట్లోనూ ఇదే దారి పట్టవచ్చు. అద్దం ముందు నోరు తెరిపించి, చెంచాతో పళ్లు లెక్కపెట్టండి. నాలుగేళ్ల బిడ్డకు ముందు రోజు చెబితే చాలు, ఏడెనిమిదేళ్ల వాళ్లకు రెండు మూడు రోజుల ముందు చెప్పవచ్చు. సూది ఉంటుందా అని అడిగితే ఉంటుందనే చెప్పండి. "చీమ కుట్టినట్టు ఉంటది, పది లెక్కపెట్టేలోపు అయిపోతది" అంటే అది నిజం. "అస్సలు ఏం ఉండదు" అంటే అబద్ధం. ఆపమనాలంటే ఎడమ చెయ్యి ఎత్తమని డాక్టర్‌తో ముందే ఒప్పందం చేయించండి. చెయ్యి ఎత్తితే ఆగుతారన్న భరోసా ఉన్న పిల్లలు చాలావరకు చెయ్యి ఎత్తరు.

వెంట వెళ్లేది తల్లి అయినా తాత అయినా, తక్కువ భయపడేవాళ్లు వెళ్లాలి. డ్యూటీ దిగి నిద్రమొహంతో వెళ్లేకంటే సెలవు రోజు ఉదయం మేలు. మామూలు మత్తు సూదికి తేలిగ్గా తినిపించి తీసుకెళ్లవచ్చు. మరీ చిన్నపిల్లలకు, ఒకేసారి ఎన్నో పళ్లు తీయాల్సినవాళ్లకు పూర్తి మత్తు ఇస్తారు. అప్పుడు మాత్రం కడుపు ఖాళీగా ఉండాలి. సాధారణంగా తిండి, పాలు ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. "ఏడుస్తున్నాడని రెండు బిస్కెట్లు పెట్టా" అంటే ప్రాణం మీదికి రావచ్చు. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పూర్తి మత్తుకూ పంటికీ పాత బంధమే. 1844లో అమెరికా దంతవైద్యుడు హొరేస్ వెల్స్ నవ్వుల వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. మన నగరానికీ ఆ చరిత్రలో చోటుంది. క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి ఆరో నిజాం కాలంలో, 1888, 1889లలో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. క్లోరోఫాం గుండెకూ ప్రమాదమేనని తర్వాత తేలి, దాని వాడకం పోయింది. రోగి ఊపిరి మీంచి చూపు తిప్పొద్దన్న లారీ మాట మాత్రం ఇంకా నిలిచే ఉంది.

ఇంటికొచ్చాక

పన్ను తీసిన చోట పెట్టిన గాజుగుడ్డను అరగంట కొరికి పట్టాలి. ఉమ్మిలో కలిసిన రెండు చుక్కల నెత్తురే నోరంతా నెత్తురులా కనిపిస్తుంది. మీ మొహంలో కంగారు కనపడనివ్వకండి. ఆ రోజంతా పుక్కిలించడం, పదే పదే ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. గుంతలో గడ్డకట్టిన నెత్తురే గాయానికి మూత. పెరుగన్నం, చల్లారిన జావ చాలు. నొప్పికి పారాసిటమాల్, అదీ బరువు చూసి డాక్టర్ చెప్పిన మోతాదులో. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు.

అన్నిటికంటే ఎక్కువ కాపలా కావాల్సింది పెదవికి. మత్తు మందు ప్రభావం రెండు మూడు గంటలుంటుంది. మొద్దుబారిన పెదవిని పిల్లలు ఆటగా కొరుక్కుంటారు, నొప్పి తెలియదు కాబట్టి పుండు పడేదాకా కొరుకుతారు. మొద్దు వదిలేదాకా నమిలే తిండి పెట్టకండి. నెత్తురు ఆగకపోయినా, జ్వరంతో వాపు కంటి వైపో మెడ వైపో పాకినా, మింగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోసారి మావాడు ఏడ్చాడు, కానీ నోరు తెరిచాడు. చెయ్యి ఒకసారి ఎత్తాడు, డాక్టర్ ఆగారు, మళ్లీ ఎత్తలేదు. తీసిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరాలంది నాయనమ్మ. శంషాబాద్ కాలనీలో పేడ దొరక్క మట్టిముద్దతో సరిపెట్టాం.

రెండు వారాల తర్వాత ఆదివారం, అదే బస్సు. చిగురు దాదాపు మానింది. వాడు ఈసారి జూ ఎంత దూరమని అడగలేదు. గేటు వచ్చింది, బస్సు ఆగింది. వాడు కూర్చునే ఉన్నాడు. నాయనమ్మ లేచి, సంచి సర్దుకుని, మెట్టు మీద కాలు పెట్టాక లేచాడు.