తెలుగు వ్యాకరణపు త్రోవన కొరియా భాష

వరంగల్లు రహదారి మీద మేడిపల్లి నుండి బయలుదేరి, బోడుప్పలు, ఉప్పలు, హబ్సిగూడలు దాటి తార్నాక చేరినవారికి, జనులు ‘ఇఫ్లూ’ అని పిలుచుకొను ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కనబడును. ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలతో పాటు అచ్చట కొరియా భాషను గూడ బోధించుచున్నారు. తెలుగు మాటలు తొడిగికొని వచ్చుచున్న కొరియా ధారావాహికల మీది మోజుచేత కొందరును, 2019లో పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి యొద్ద ఉత్పత్తి మొదలిడిన కియా కార్ల కర్మాగారము వంటి సంస్థలలో కొలువు దొరకునను ఆశచేత కొందరును నేడు ఈ భాషను చేపట్టుచున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలలో కొరియాను పేర్కొనియున్నది. ఇది సంతోషింపదగిన పరిణామమే. కాని మన పిల్లలు పెక్కుమంది ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకములను పట్టుకొని, ప్రతి వాక్యమును ఇంగ్లీషు క్రమమునకు తలక్రిందులు చేసి, మరల యథాస్థితికి తెచ్చుకొనుచు పడుచున్న పాట్లు చూడగా, ఈ శ్రమ తెలుగువారికి బొత్తిగా అనవసరమని నాకు దృఢముగా తోచుచున్నది.

లిపి విషయము శీఘ్రముగా ముగింపవచ్చును. సెజాంగ్ మహారాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన హంగుల్ లిపిలో నేడు మూలాక్షరములు 14 హల్లులు, 10 అచ్చులు. హల్లును, అచ్చును, వలసినచో అడుగున మఱియొక హల్లును ఒక్క గూటిలో ఇముడ్చు ఆ పద్ధతి, గుణింతములు దిద్దిన చేతికి సులభముగానే పట్టుపడును.

అసలు సంగతి వాక్యములో నున్నది. “ఒజె హక్క్యొఎసొ చింగురుల్ మన్నస్సొయొ” అను వాక్యమును తీసికొనుడు. ఒజె అనగా నిన్న, హక్క్యొఎసొ అనగా బడిలో, చింగురుల్ అనగా మిత్రుని, మన్నస్సొయొ అనగా కలిసికొంటిని. పదము తరువాత పదముగా మార్చినంతనే తెలుగు వాక్యమైనది. ‘నేను’ అను కర్తను సైతము మనవలెనే వారును చెప్పక విడిచిరి. విభక్తి ప్రత్యయము పదాంతముననే చేరును. హరి శబ్దమునకు ‘హరిని’ అనియు, గురు శబ్దమునకు ‘గురువును’ అనియు అంత్యాక్షరమును బట్టి ప్రత్యయరూపము మారినట్లే, అచ్చుతో ముగియు చింగు శబ్దమునకు ‘రుల్’ అనియు, హల్లుతో ముగియు పప్ శబ్దమునకు ‘ఉల్’ అనియు చేరును. పప్ అనగా అన్నము. పబుల్ అనగా అన్నమును.

క్రియ యొద్ద సామ్యము మఱింత రమణీయము. “మొగొ బొసెయొ” అనగా ‘తిని చూడండి’. ఇందలి రెండవ క్రియకు మూలార్థము చూచుటయే. “ఒజె ఒన్ సరం” అనగా ‘నిన్న వచ్చిన మనిషి’. “పిగా ఒమ్యొన్” అనగా ‘వాన వచ్చినచో’. ఇంగ్లీషు పుస్తకములు పుటలకొలది వివరించు ఈ రూపములకు క్త్వార్థకము, ధాతుజ విశేషణము, చేదర్థకము అను పేర్లు మన వ్యాకరణములో సిద్ధముగా నున్నవి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము కొరియా విద్యార్థికి ఉపకరించునని చెప్పినచో అతిశయోక్తి గాదు.

సంధి సంగతియు నిట్టిదే. వాక్, మయము కలిసి వాఙ్మయమైనట్లు, కుక్, ముల్ అను పదములు కలిసి ‘కుఙ్ముల్’ అగును, అనగా చారునీరు. హప్ నిదా అని వ్రాసియున్నదానిని ‘హమ్నిదా’ అని పలుకుటకును ఈ అనునాసికమే కారణము.

పదసంపద నభ్యసించుటకును మన అనుభవమే తోడు. మనకు సంస్కృతమెట్టిదో కొరియావారికి చీనా భాష యట్టిది. విద్యను తెలుపు ‘హక్’ అను నొక్క శబ్దమును పట్టుకొన్నచో హక్క్యొ బడి, హక్సెంగ్ విద్యార్థి, మున్హక్ సాహిత్యము, క్వాహక్ విజ్ఞానశాస్త్రము అని పదములు గుత్తులుగా చేతికి వచ్చును. సంఖ్యలును రెండు వరుసలు: మనము పదునొకండు అని లెక్కించుచు తిథిని ఏకాదశి యనునట్లే, వారు గంటలను దేశ్యసంఖ్యలతోను, నిమిషములను చీనాసంఖ్యలతోను చెప్పుదురు.

కష్టములు లేకపోలేదు. తెలుగు అజంతభాష యగుటచేత మన నాలుక పప్ అను మాటకు ‘పప్పు’ అని కొసను ఉకారము తగిలింపక ఊరకుండదు. పెదవులు మూసి అచ్చటనే నిలిపివేయుట అభ్యాసమువలననే వచ్చును. వెళ్లితిని, వెళ్లితివి, వెళ్లెను అని మన క్రియ పురుషను తెలుపగా, కొరియా క్రియ ఎదుటివానితోడి సంబంధమును తెలుపును: చనువున్నవానితో ‘కస్సొ’, మర్యాదగా ‘కస్సొయొ’, సభలో ‘కస్సుమ్నిదా’, వెళ్లినవారు పెద్దలైనచో ‘కష్యొస్సొయొ’. అన్నను తమ్ముడు ‘హ్యొంగ్’ అనియు, చెల్లెలు ‘ఒప్పా’ అనియు పిలువవలయును. అన్నిటికంటె దుర్ఘటమైనది ‘నున్’ అను విషయసూచక ప్రత్యయము. మన ‘నేనైతే’లోని ‘ఐతే’ దానికి కొంత సమీపమైనను సరిపోలదు. సంభాషణలు వినివినియే దాని మర్మము నెఱుగవలసియుండును.

ఈ సామ్యములను చూచియే కాబోలు, సియోలులో బోధకుడుగా నుండిన హోమర్ హల్బర్టు అను అమెరికా దేశీయుడు 1905లో కొరియా, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. అవి చుట్టరికము గల భాషలను వాదమును తరువాతి భాషావేత్తలు అంగీకరింపలేదు. చుట్టరికము లేకున్ననేమి, నేర్చుకొనువానికి పోలిక చాలును. తార్నాకలోని కొరియా అధ్యాపకులును, నాచారములోను మేడిపల్లిలోను బడులలో తెలుగు చెప్పుచున్న పండితులును కలిసి కూర్చుండి, తెలుగు వ్యాకరణమే పునాదిగా ఒక కొరియా పాఠ్యపుస్తకమును రచింపవలెనని ప్రార్థించుచున్నాను. అంతవరకు, ఓ విద్యార్థులారా, మీ నోటుబుక్కులో ప్రతి కొరియా వాక్యము క్రింద ఇంగ్లీషునకు మారుగా తెలుగును వ్రాసికొనుడు.