తేలడం, కదలడం, పోరాడడం: స్వదేశీ యుద్ధనౌకల కథ

యుద్ధనౌకల నిర్మాణంలో స్వావలంబన ఎంతవరకు వచ్చిందో అంచనా వేయడానికి భారత నౌకాదళం నౌకను మూడు భాగాలుగా విడదీసి చూస్తుంది. నౌక నీటిపై తేలడానికి కావలసిన ఉక్కు కట్టడం, లోపలి అమరికలు మొదటి భాగం. దానిని నడిపే ఇంజన్లు, గేర్‌బాక్సులు, ప్రొపెల్లర్లు రెండవది. శత్రువును కనిపెట్టి ఎదుర్కొనే రాడార్లు, క్షిపణులు, టార్పెడోలు మూడవది. మొదటి భాగంలో స్వదేశీ వాటా దాదాపు 90 శాతానికి చేరగా, రెండవ భాగంలో అది 60 శాతం ప్రాంతంలోనూ, మూడవ భాగంలో అంతకన్నా తక్కువగానూ ఉంది. ఈ తేడాకు కారణాలు అనేకం ఉన్నా, వాటిలో ప్రధానమైనది ఏ పని ఎన్నేళ్లు తెగకుండా సాగిందన్నదే.

తెగకుండా సాగిన పనికి నౌకల రూపకల్పన మంచి ఉదాహరణ. ముంబయిలోని మజగావ్ డాక్, కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ కేంద్రాలు 1960లో ప్రభుత్వ పరమయ్యాయి. 1964లో నౌకాదళం తన అధికారులతోనే ఒక డిజైన్ కార్యాలయాన్ని ఏర్పరచుకుంది. 1972లో సేవలో చేరిన ఐఎన్ఎస్ నీలగిరి బ్రిటిష్ నమూనా ప్రకారం ముంబయిలో కట్టిన ఫ్రిగేట్, అంటే ఇతర నౌకలకు కాపు కాస్తూ జలాంతర్గాములను వేటాడే మధ్యస్థాయి యుద్ధనౌక. ఆ తరగతికి చెందిన ఆరు నౌకలను కడుతూ నేర్చిన పాఠాలతో, అదే తరహా ఆవిరి యంత్రాలపై మరింత పెద్ద నౌకను నడిపించేలా భారతీయ ఇంజనీర్లు రూపొందించిన ఐఎన్ఎస్ గోదావరి 1983లో వచ్చింది. 1997 నాటి ఢిల్లీ తరగతి నుంచి 2014 నాటి కోల్‌కతా తరగతి, దాని నుంచి 2021లో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం పుట్టాయి. శత్రు రాడార్లకు తక్కువగా చిక్కేలా తీర్చిదిద్దిన శివాలిక్ తరగతి మీద ఆధారపడి, రూపుదిద్దుకున్న కొత్త నీలగిరి తరగతి 2025లో సేవలోకి వచ్చింది. ఈ వరుస ఫలితం కాలంలోనూ కనిపిస్తుంది: ఐఎన్ఎస్ కోల్‌కతా నిర్మాణం 2003లో మొదలై నౌకాదళంలో చేరేసరికి దాదాపు పదకొండేళ్లు పట్టగా, నౌకను పెద్ద పెద్ద ఖండాలుగా విడివిడిగా తయారుచేసి, చివరకు ఒకచోట కలిపే పద్ధతిని వినియోగించుకున్న ఐఎన్ఎస్ సూరత్ 2019లో మొదలై 2025 జనవరికల్లా సిద్ధమైంది.

ఉక్కు విషయంలో పాఠం వేరే దారిలో వచ్చింది. యుద్ధనౌకకు వాడే ఉక్కు పేలుడు ధాటికి పగలకుండా ఉండాలి, వెల్డింగ్‌కు లొంగాలి, సముద్రపు చలిలోనూ పెళుసుబారకూడదు. రష్యా నుంచి రావలసిన ఉక్కు అందడం కష్టమైనప్పుడు, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, ప్రభుత్వరంగ సంస్థ సెయిల్‌తో కలిసి డీఎంఆర్ 249 అనే రకాన్ని అభివృద్ధి చేసింది. కొచ్చిన్ షిప్‌యార్డులో 2009లో నిర్మాణం ఆరంభమై 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు సెయిల్ సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కు సరఫరా చేసింది. విక్రాంత్ పొడవు 262 మీటర్లు. అందులో స్వదేశీ వాటా 76 శాతం.

మధ్యలో పని ఆగితే ఏమవుతుందో జలాంతర్గాములు చూపించాయి. జర్మన్ నమూనాతో మజగావ్ డాక్ కట్టిన శల్కి 1992లో, శంకుల్ 1994లో నౌకాదళంలో చేరాయి. జర్మన్ ఒప్పందం అవినీతి ఆరోపణల్లో చిక్కుకోవడంతో ఆ వరుస అక్కడితో నిలిచిపోయింది. ఫ్రెంచి నమూనా ఆధారంగా అదే కేంద్రం కట్టిన ఐఎన్ఎస్ కల్వరి 2017లో గాని రాలేదు. అంతకుముందు సమకూరిన నైపుణ్యం ఆ 23 ఏళ్లలో చెదిరిపోవడంతో, వెల్డర్ల శిక్షణ నుంచి చాలా పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ తరగతిలో ఆరవదైన వాగ్షీర్ 2025 జనవరిలో చేరేనాటికి కూడా అక్కడ తదుపరి తరగతి నిర్మాణం ఆరంభం కాలేదు. దీనికి భిన్నంగా, విశాఖపట్నంలోని నౌకానిర్మాణ కేంద్రం అణుశక్తితో నడిచే జలాంతర్గాములను ఒకదాని వెనుక ఒకటి కడుతూ వచ్చింది: 2009లో జలప్రవేశం చేసిన అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024లో సేవలోకి వచ్చాయి.

కదిలే భాగంలో ఇంజన్లు ఇంకా బయటివే. విక్రాంత్‌ను నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లు అమెరికన్ నమూనావి కాగా, విశాఖపట్నం తరగతివి ఉక్రెయిన్‌వి. ఈ పరాధీనత ఎంత చిక్కుముడి కాగలదో రష్యాలో కట్టించిన తుషిల్, తమాల్ నౌకలు తెలిపాయి; 2014 తరువాత ఉక్రెయిన్ రష్యాకు ఇంజన్లు అమ్మడం మానేయడంతో, వాటిని భారతదేశమే కొని రష్యన్ కేంద్రానికి అందించవలసి వచ్చింది. యుద్ధవిమానాల కోసం తలపెట్టిన కావేరి ఇంజను నుంచి మలచిన నౌకా టర్బైన్‌ను విశాఖపట్నంలో పరీక్షించినా, దాని శక్తి 12 మెగావాట్ల దగ్గరే ఉండడంతో పెద్ద యుద్ధనౌకలకు అది చాలలేదు. పోరాడే భాగంలో సోనార్, టార్పెడో రంగాలు సొంత కాళ్లపై నిలబడ్డాయి; విశాఖలోని నౌకాశాస్త్ర పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో ఇందుకు నిదర్శనం. బ్రహ్మోస్, బరాక్-8 క్షిపణులు మాత్రం రష్యా, ఇజ్రాయెల్ దేశాలతో ఉమ్మడిగా చేసినవి.

2025 జులైలో చేరిన తమాల్ విదేశంలో కట్టించిన చివరి యుద్ధనౌక అవుతుందని నౌకాదళం ప్రకటించింది. అది నిజమైన స్వావలంబనగా మారాలంటే, ఏటా ఎన్ని నౌకలు నీటిలోకి దిగాయన్న లెక్క ఒక్కటే చాలదు; ఒక తరగతి ముగియకముందే తరువాతి తరగతికి ఆర్డరు అందాలి, పరీక్షలో వెనుకబడిన ఇంజనుకు మరో అవకాశం, మరికొంత కాలం ఇవ్వాలి. రూపకల్పనకు ఆరు దశాబ్దాల పాటు దక్కిన ఓర్పు ఇంజన్లకు కూడా దక్కినప్పుడే ఆ మూడు అంకెలు ఒకదానికొకటి దగ్గరవుతాయి.