ప్రాచీనకాలపు వానలు – నేటి అడవుల వంశవైవిధ్యము

ఆనేకల్ తాలూకాలో కాపురమున్న మనకు బన్నేరుఘట్ట అడవి పొరుగిల్లు వంటిది. సెలవు దినములలో పిల్లలను ముత్యాలమడువునకు తీసికొనిపోవుదుము. చెట్టు పేరేమని పిల్లవాడు అడిగినచో చెప్పగలము. కాని ఒకే జాతి చెట్లలో ఒక కొండపై చెట్టునకును వేరొక కొండపై చెట్టునకును భేదమేల కలిగెనని అడిగినచో సమాధానము సులభము కాదు. ఆ సమాధానమునకై వేలాది సంవత్సరముల క్రిందటి వానల సంగతి తెలిసికొనవలెను.

తల్లిదండ్రుల లక్షణములను సంతానమునకు చేర్చు సూక్ష్మాంశములకు జన్యువులని పేరు. ఒక జాతి వృక్షములలో ఈ జన్యువుల రకములు ఎన్ని యున్నవో, అదియే ఆ జాతి యొక్క జన్యువైవిధ్యము. దీనిని మన ఊళ్లలోని ఇంటిపేర్లతో పోల్చి చూడవచ్చును. 1876–78 నాటి ధాత కరువు మైసూరు రాజ్యమును, రాయలసీమను మిక్కిలి పీడించినది. అట్టి కరువులో, ఏబది ఇంటిపేర్లు గల ఊరిలో ఐదు ఇంటిపేర్లవారే మిగిలిరనుకొందము. మంచికాలము వచ్చిన పిమ్మట వారి సంతతి పెరిగి ఊరు మరల నిండవచ్చును. జనసంఖ్య తిరిగి వచ్చును గాని, పోయిన ఇంటిపేర్లు తిరిగి రావు. ఎన్నడును ఎండని చెరువు క్రింది ఊరిలో మాత్రము పాత ఇంటిపేర్లు నిలిచియుండును. అడవుల విషయమున జరిగినదియు ఇట్టిదే.

సుమారు 20,000 సంవత్సరముల క్రిందట హిమయుగము తీవ్రముగా నుండెను. ఉత్తరదేశములలో నీరు మంచుగా గడ్డకట్టినందున సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తగ్గి, లంకకును మన దేశమునకును నడుమ నేల తేలెను. సముద్రము చల్లబడుటచే ఆవిరి తగ్గి నైరుతి ఋతుపవనములు బలహీనపడినవి.

దీనికి సాక్ష్యము నీలగిరులలోనే దొరికినది. అచ్చటి చిత్తడి పల్లములలో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లిపోక, వేల యేండ్లుగా పొరలు పొరలుగా పేరుకొని యున్నవి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్, ఆయన సహచరులు ఆ పొరలను పరీక్షించి 1993లో ఫలితములను ప్రకటించిరి. రాగి, జొన్న, చెరకు మొదలగు వానివలె ఎండకు ఓర్చు గడ్డి గాలిలోని కార్బనును గ్రహించు తీరు వేరు. చెట్లు గ్రహించు తీరు వేరు. ఆ భేదము మొక్క చచ్చిన తరువాత కూడ మట్టిలో నిలిచియుండును. హిమయుగపు పొరలలో ఎండకు ఓర్చు గడ్డి గుర్తులును, సుమారు 11,000 సంవత్సరముల నాటి పొరలలో తేమను కోరు మొక్కల గుర్తులును హెచ్చుగా కనబడినవి.

వానలు తగ్గినప్పుడు నిత్యహరితారణ్యములు కుంచించుకొనిపోయి, తేమ నిలిచిన చోట్లనే తలదాచుకొనును. పడమటి కనుమల దక్షిణభాగమున నైరుతి వానలేగాక ఈశాన్యపు వానలును పడును. కావున అది మనము చెప్పుకొన్న ఎండని చెరువు వంటిది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు ఆ కనుమలలోని వందలాది వృక్షజాతుల వంశావళిని పరిశీలించి 2023లో ఒక అధ్యయనము ప్రకటించిరి. దక్షిణభాగమున అతిప్రాచీన శాఖలును, ఇటీవల పుట్టిన శాఖలును కూడ నున్నవని అందు తేలినది. ఆ నేల పాతవానిని కాపాడిన భాండాగారము. క్రొత్తవానిని పెంచిన ఊయల.

విడిపోయిన గుంపులు కాలక్రమమున వేరగుట మరియొక ఫలితము. నీలగిరులలో ఎర్రని పూలు పూయు రోడోడెండ్రాన్ చెట్టునకు దగ్గరి బంధువులు హిమాలయములలో నున్నవి. నడుమనున్న విశాలమైన మైదానములలో ఆ చెట్టు లేదు. చల్లని కాలమున ఈ జాతి దిగువ ప్రదేశముల మీదుగా వ్యాపించి, వేడిమి పెరిగినపుడు ఎత్తైన కొండలపైననే మిగిలినదని శాస్త్రజ్ఞులు భావింతురు. దక్షిణపు చెట్టు నేడు ప్రత్యేక ఉపజాతిగా లెక్కకు వచ్చుచున్నది. ఐరోపాలోని ఓక్ చెట్లును ఇట్లే స్పెయిను, ఇటలీ, బాల్కను ప్రాంతములలో తలదాచుకొని, తరువాత ఉత్తరమునకు వ్యాపించినవి. నేటి చెట్టు జన్యువులను చూచి దాని పూర్వికులు ఏ ప్రాంతమువో గుర్తింపగలుగుచున్నారు.

ఇది కేవలము పూర్వచరిత్ర కాదు. కరువుగాని, తెగులుగాని వచ్చినపుడు, పెక్కు వంశములు గల అడవిలో కొన్ని చెట్లైనను తట్టుకొని నిలుచును. ఒకే వంశము గల తోట ఒక్కసారిగా కూలవచ్చును. పూర్వము వాతావరణము మారినపుడు అడవి తరతరములుగా విత్తనము విత్తనముగా చోటు మార్చుకొనెను. నేడు వేడిమి కొన్ని దశాబ్దములలోనే పెరుగుచున్నది. అడవికిని అడవికిని నడుమ జిగణి, బొమ్మసంద్ర వంటి పారిశ్రామికవాడలు, ఇండ్ల స్థలములు, రహదారులు అడ్డముగా నున్నవి. శేషాచలము మొదలగు కొన్ని కొండలలోనే సహజముగా పెరుగు ఎర్రచందనము అచ్చట నశించినచో, ఆ వంశములను మరియొక అడవినుండి తెచ్చుకొన వీలులేదు.

కావున తల్లిదండ్రులకు ఒక మనవి. వనమహోత్సవమునకు పిల్లలు విత్తనములు ఏరునపుడు ఒకే చెట్టు క్రింద సంచి నింపనీయక, ఒకే జాతికి చెందిన పది చెట్లనుండి కొన్ని కొన్నిగా ఏరుకొనుడని చెప్పుడు. వేప యైనను, చింత యైనను, కానుగ యైనను ఇదే పద్ధతి. మనము నాటు చెట్టు నీడ నిచ్చిన చాలదు. దాని సంతతి రేపటి కరువును కూడ తట్టుకొనవలెను.