విద్యుత్ కారు: వెల, దూరము, మన దారి

రెండు నెలలకొకసారి వచ్చు విద్యుత్ బిల్లును పెద్దలు కళ్ళద్దములు పెట్టుకొని చదువుట మన ఇండ్లలో ప్రతి బాలుడును చూచియుండును. ఎన్ని యూనిట్లు కాలినవి, ఎంత కట్టవలెను అని వారు వ్రేళ్ళమీద లెక్కింతురు. ఆ యూనిట్టు ఇంతకాలము దీపమునకును, పంకాకును, బావి మోటారుకును సంబంధించిన మాటగా నుండెను. ఇప్పుడు కారునకును సంబంధించిన మాటయైనది. ఇండూరు నుండి ధర్మపురికి పోయి పెద్దరోడ్డు ప్రక్కన ఒక ఘడియ నిలిచినచో పచ్చని నంబరు పలకలుగల కార్లు పెక్కు కనబడును. అవి విద్యుత్తుతో నడచు కార్లు. వానిని చూచి, “మనమును ఒకటి కొనవచ్చునా?” అని పిల్లలు అడుగుదురు. “వెల ఎంత? ఒకసారి ఎక్కించిన విద్యుత్తుతో ఎంత దూరము పోవును?” అని పెద్దలు అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకు ప్రకటనలలో రెండు సంఖ్యలు సిద్ధముగా నుండును. ఆ సంఖ్యలను మన దారికి, మన సంపాదనకు తగినట్లు ఎట్లు చదువవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ కార్లు మన ప్రాంతమునకు మరీ క్రొత్తవి కావు. 2001లోనే బెంగళూరున రేవా అను చిన్న విద్యుత్ కారు అమ్మకమునకు వచ్చెను. అది ఒక్క ఛార్జింగుకు సుమారు 80 కిలోమీటర్లు పోవునని చెప్పుచుండిరి. 2019 జూలైలో హ్యుందాయ్ వారు కోనా అను విద్యుత్ కారును 25 లక్షల 30 వేల రూపాయల వెలతో విడుదల చేసిరి. దాని ప్రకటిత దూరము 452 కిలోమీటర్లు. 2025 ఆగస్టులో మన రాష్ట్రమందలి తూత్తుకుడిలో వియత్నాం దేశపు విన్‌ఫాస్ట్ సంస్థ కర్మాగారము ప్రారంభమైనది. మరుసటి నెలలో ఆ సంస్థ వీఎఫ్ 6 అను బండిని 16 లక్షల 49 వేల రూపాయల ప్రారంభ ధరతో అమ్మకమునకు పెట్టినది. అది కాంపాక్ట్ క్రాసోవర్ అను జాతికి చెందినది. అనగా సాధారణ కారు వలెనే కట్టబడి, జీపువలె కొంచెము ఎత్తుగా నుండు చిన్న బండి. దాని బ్యాటరీ 59.6 యూనిట్ల విద్యుత్తును నిలువ చేసికొనును. ప్రకటిత దూరము 468 కిలోమీటర్లు. ఆరేండ్లలో దూరము ఇంచుక పెరిగినది, వెల ఎనిమిది లక్షలకు పైగా తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని సంతోషము వేరు, లెక్క వేరు.

మొదట దూరము సంగతి చూతము. ప్రకటనలోని దూరము అబద్ధము కాదు. అది ఒక పరీక్షలో వచ్చిన మార్కు. పరీక్షశాలలో బండి చక్రములను ఉరుళ్ళపై నిలిపి, ఒక నియమిత పద్ధతిలో, నడుమ నడుమ ఆపుచు త్రిప్పుదురు. ఆ పరీక్షలో వేగము గంటకు 90 కిలోమీటర్లకు మించదు. సగటు వేగము అంతకంటె చాల తక్కువ. అచ్చట ఎదురుగాలి లేదు, ఎత్తుపల్లములు లేవు, బండిలో అయిదుగురు మనుష్యులు లేరు, డిక్కీలో బియ్యపు మూట లేదు. మన దారిలో ఇవన్నియు కలవు.

అన్నిటికంటె ఎక్కువగా విద్యుత్తును తినునది వేగము. గాలి అడ్డగించు బలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగునని పై తరగతుల విద్యార్థులు చదివియే యుందురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున గాలి అడ్డగింపు ఒక పాలు అనుకొన్నచో, 100 కిలోమీటర్ల వేగమున అది రెండు ముప్పాతిక పాళ్ళకు పైబడును. పెట్రోలు కారు ఊరిలో ఎక్కువ త్రాగి, పెద్దరోడ్డు మీద తక్కువ త్రాగును. విద్యుత్ కారు సంగతి దీనికి తలక్రిందులు. ఊరిలో ఆపునప్పుడెల్ల దాని మోటారే జనరేటరై కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపును; పెద్దరోడ్డు మీద ఆ లాభము తక్కువ, గాలి నష్టము ఎక్కువ.

మరి నిజమైన దూరమెంత? దీనికి ఒక సంస్థ స్వయముగా ఇచ్చిన జవాబు కలదు. 2024 సెప్టెంబరులో టాటా వారు తమ నెక్సాన్ విద్యుత్ కారును 45 యూనిట్ల బ్యాటరీతో విడుదల చేయుచు, పరీక్షలో వచ్చిన దూరము 489 కిలోమీటర్లనియు, వాడుకలో వచ్చునది 350 నుండి 370 కిలోమీటర్లనియు, రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ప్రకటించిరి. అనగా నూటికి 72 నుండి 76 వంతులు. దీనిని బట్టి మేము ఒక తేలిక సూత్రమును చెప్పుచున్నాము: ప్రకటిత దూరములో ముప్పాతిక వంతును మాత్రమే మనదిగా ఎంచుకొనవలెను. పిమ్మట బ్యాటరీని పూర్తిగా ఎండబెట్టి ఎవరును ప్రయాణము చేయరు గనుక, నూటికి 15 వంతులు మిగుల్చుకొనవలెను.

ఈ సూత్రముతో ఒక ప్రయాణము చేసి చూతము. మన ఇండ్లలో కారు మాట వచ్చినచో వెంటనే వచ్చు మాట తిరుపతి. వేలూరు, చిత్తూరు మీదుగా పోవు దారిని లెక్కకు 270 కిలోమీటర్లని తీసికొందము. వీఎఫ్ 6 ప్రకటిత దూరము 468. అందులో ముప్పాతిక 351. నిలువ తీసివేయగా మిగిలినది 298. కొండ క్రిందికి చేరుసరికి చేతిలో 28 కిలోమీటర్లు మిగులును. చాలునని తోచును. కాని తిరుమల కొండ తిరుపతికి సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. మనుష్యులతో కూడ రెండు టన్నుల బరువుగల బండిని అంత ఎత్తునకు లేపుటకు, నష్టములతో కలిపి, నాలుగు యూనిట్లకు పైగా కావలెను. సమతలమున ఆ విద్యుత్తుతో 25 కిలోమీటర్లు పోవచ్చును. ఘాటు రోడ్డు పొడవును దీనికి కలిపినచో 28 చాలదు. దిగునప్పుడు కొంత విద్యుత్తు తిరిగి వచ్చును, నిజమే. కాని ముందు ఎక్కినవారికే దిగు భాగ్యము. విద్యుత్తు కొండ ఎక్కలేదని దీని అర్థము కాదు. 2022 నుండి తిరుమల ఘాటున విద్యుత్ బస్సులు నడచుచునే యున్నవి. మనము దారిలో వేలూరునందో చిత్తూరునందో ఒకసారి ఆగి, భోజనము చేయునంతసేపు వేగపు ఛార్జింగు పెట్టుకొనవలెనని మాత్రమే అర్థము.

ఇచ్చటనే వెల సంగతి వచ్చుచున్నది. “ఆ ఒక్క ఆగుట లేకుండ ఇంకను పెద్ద బ్యాటరీ కొన్న పోలేదా?” అని కొందరనవచ్చును. 2025 జనవరిలో హ్యుందాయ్ వారు విడుదల చేసిన క్రెటా విద్యుత్ కారును ఉదాహరణముగా గైకొందము. అందు 42 యూనిట్ల బ్యాటరీగల బండికి ఆనాడు ప్రకటించిన దూరము 390 కిలోమీటర్లు, 51.4 యూనిట్ల బండికి 473. ఒకే తరగతి బండిలో ఈ రెండు బ్యాటరీలకు నడుమ వెల భేదము ఆనాడు సుమారు రెండు లక్షల రూపాయలు. మన సూత్రము ప్రకారము చిన్నది 248 కిలోమీటర్లు, పెద్దది 301 కిలోమీటర్లు పోవును. చిన్నది తిరుపతి చేరకముందే ఆగవలెను. పెద్దది తిరుపతి చేరును గాని కొండ ఎక్కుటకు ముందు ఆగవలెను. రెండు లక్షలు ఎక్కువ ఇచ్చినను ఆగుట తప్పలేదు! ఏటికి ఒకటి రెండు మారులు చేయు యాత్రకొరకు పెద్ద బ్యాటరీని ఏడాది పొడవున మోయుట, పెండ్లి పందిరికి వలయునంత బియ్యమును ప్రతిదినము వంటయింట పెట్టుకొనుట వంటిది.

దినదిన ప్రయాణమును చూచినచో లెక్క మారును. ధర్మపురి నుండి హోసూరునకు సుమారు 90 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 180. హోసూరు మనకంటె దాదాపు 400 మీటర్లు ఎత్తున నున్నది. కావున పోవునప్పుడు రెండు యూనిట్లు ఎక్కువ కాలును, వచ్చునప్పుడు కొంత తిరిగి వచ్చును. చిన్న బ్యాటరీయే దీనికి చాలును. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువారికి, ఛార్జింగులో పోవు నష్టముతో కలిపి, ఏడు యూనిట్లకు కొంచెము పైగా పట్టును. ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు ద్వారా గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కించినను రెండున్నర గంటలలో పని తీరును. అయితే ఆ ప్లగ్గునకు తగిన తీగయు, మంచి ఎర్తింగును ఉండవలెను. ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపక బండి తెచ్చుట ప్రమాదము.

ఇక ముఖ్యమైన ప్రశ్న. పెట్రోలు కారుకంటె విద్యుత్ కారునకు నాలుగు లక్షలు ఎక్కువ పెట్టవలసి వచ్చినదనుకొందము. లీటరు పెట్రోలు నూరు రూపాయలు, లీటరునకు 15 కిలోమీటర్లు అనుకొన్నచో కిలోమీటరునకు 6 రూపాయల 67 పైసలు. విద్యుత్ కారు కిలోమీటరునకు 0.18 యూనిట్టు తినును, యూనిట్టు ఎనిమిది రూపాయలు అనుకొన్నచో 1 రూపాయి 44 పైసలు. మిగులు 5 రూపాయల 23 పైసలు. ఏటికి 12,000 కిలోమీటర్లు తిరుగువారికి 62,000 రూపాయలకు పైగా మిగులును. ఆరున్నర ఏండ్లలోపల నాలుగు లక్షలు తిరిగి వచ్చును. క్రెటా వంటి బండ్ల బ్యాటరీకి ఎనిమిదేండ్ల హామీ కలదు గనుక ఇది లాభసాటి బేరమే.

కాని ఏటికి 6,000 కిలోమీటర్లే తిరుగువారికి మిగులునది 31,000 రూపాయలు. ఆ నాలుగు లక్షలు నూటికి తొమ్మిది రూపాయల వడ్డీకి తెచ్చినవైనచో మొదటి ఏటి వడ్డీయే 36,000. అనగా మిగులు వడ్డీకే చాలదు! ఇంట ఛార్జింగు సౌకర్యము లేక, యూనిట్టునకు 20 రూపాయలిచ్చి బయట ఎక్కించుకొనువారికి కిలోమీటరునకు మిగులునది 3 రూపాయలు మాత్రమే. వారికి పెట్టుబడి తిరిగి వచ్చుటకు దాదాపు పదునొకండు ఏండ్లు పట్టును. పిల్లల చదువునకు దాచిన సొమ్మును కదల్చువారు ఈ లెక్కను రెండు మారులు చేసికొనవలెను.

వెలలో మరియొక మెలిక కలదు. ప్రకటనలోనిది షోరూము ధర మాత్రమే. బీమా, రిజిస్ట్రేషను ఖర్చులు వేరు. 2019 ఆగస్టు నుండి విద్యుత్ కార్లపై జీఎస్టీ నూటికి 5 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 18కి తగ్గినందున రెంటి నడుమ భేదము కొంత మారినది. రోడ్డు పన్నులో రాష్ట్రము ఇచ్చు మినహాయింపునకు గడువు ఉండును. కొనునాడు ఏ నిబంధన అమలులో నున్నదో ప్రాంతీయ రవాణా కార్యాలయమున విచారించుకొనవలెను. ఇవిగాక, విడుదలనాడు ప్రకటించిన దూరముతో ఆనాటి ప్రారంభ వెలను భాగించినచో వీఎఫ్ 6కు కిలోమీటరునకు సుమారు 3,520 రూపాయలు, క్రెటా చిన్న బ్యాటరీ బండికి 4,610 రూపాయలు పడెను. మొదటిది చౌక. కాని మన దేశమునకు క్రొత్తగా వచ్చిన సంస్థకు మరమ్మతు కేంద్రము మన ఊరికి ఎంత దూరమున నున్నదో తెలిసికొనక ఈ చౌకను నమ్మరాదు.

కావున పాఠకులకు మా మనవి ఒక్కటి. షోరూమునకు పోవుటకు ముందు ఒక నెల దినములు ఇంటివారు తిరిగిన దూరమును ప్రతిదినము ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఆ పని ఇంటిలోని విద్యార్థికే అప్పగింపుడు. కూడికలు, భాగహారములు వానికి చక్కగా అబ్బును. నెల చివర ఆ పుస్తకమును, ప్రకటన కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. బండి పోగలిగిన దూరము ప్రకటన చెప్పును. మనము పోవు దూరము పుస్తకము చెప్పును. వెల కట్టవలసినది రెండవ దానికి.