మూసీ తీర కట్టడాలు – సాలార్‌జంగ్ మ్యూజియం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

హైదరాబాదులో పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ వరకు మూసీ ఇరుగట్లపై ఉన్న కట్టడాలను విడివిడిగా వర్ణించడం పరిపాటి. వాటిని ఒకే చారిత్రక క్రమంలో పరిశీలించి, ఒక భవనానికీ అందులో సాగే పనికీ ఉన్న సంబంధం తెగినప్పుడు ఏమి మిగులుతుందో వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వరద మిగిల్చిన నగరరూపం:

ఈ ప్రాంతంలో నగరం కంటే ప్రాచీనమైనది పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో ఈ వంతెన నిర్మాణమైంది. చార్మినార్ వెలసింది ఆ తర్వాత పదమూడేళ్లకు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి స్మృతి నేటికీ సజీవంగా ఉంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో వరద నియంత్రణకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రూపొందాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1914లో హైదరాబాదుకు వచ్చిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ కృషితో దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. 1891లో ప్రారంభమైన ఆసఫియా గ్రంథాలయం కూడా తరువాత ఈ ఉత్తర తీరానికే చేరింది. న్యాయం, విద్య, వైద్యం, గ్రంథం అనే నాలుగు ప్రజావసరాలకు వరద ముంచిన నేల మీదనే చోటు కల్పించడం గమనించదగినది.

2. ఇంటి నుంచి మ్యూజియానికి:

సాలార్‌జంగ్ సేకరణను మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఒక్కరి కృషిగా భావించడం సరికాదు. అది మూడు తరాల సంపద. బెంజోనీ చెక్కిన 'మేలిముసుగు రెబెకా' పాలరాతి శిల్పాన్ని 1876లో రోములో కొన్నది మొదటి సాలార్‌జంగ్. 1949లో యూసుఫ్ అలీఖాన్ మరణించాక, ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న జవాహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో దారుల్‌షిఫాలోని ప్రస్తుత భవనానికి సేకరణ తరలింది.

ఈ తరలింపుతో వస్తువులు భద్రమయ్యాయి, వాటి ఇల్లు మాత్రం నిలవలేదు. దివాన్ దేవిడీ చాలావరకు అంతరించింది. ఏ గదిలో, ఏ వస్తువు పక్కన, ఎవరి కంటికి కనబడేలా ఒక శిల్పం నిలిచి ఉండేదో చెప్పగల ఆధారం ఆ గోడలతోనే పోయింది. 'దారుల్‌షిఫా' అంటే ఆరోగ్యనిలయం. కుతుబ్‌షాహీల నాటి వైద్యశాల పని ఆగిపోయినా, దాని పేరు పేటకు మిగిలింది.

3. వర్తమాన సమస్య:

ఈ పరిణామం గతానికే పరిమితం కాదు. 2020 జులైలో వర్షపునీరు చేరడంతో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో రాజేంద్రనగర్ వద్ద నూతన హైకోర్టుకు పునాదిరాయి పడింది. రోగులకు సురక్షితమైన వార్డులు, కక్షిదారులకు తగిన వసతి అవసరమే. ఆ అవసరాన్ని కాదనకుండానే, ఖాళీ అయ్యే భవనాల భవితవ్యాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

ముగింపు:

దివాన్ దేవిడీ అనుభవం నుంచి రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, తరలింపుకు ముందే గదుల వినియోగం, ఉపకరణాలు, దస్త్రాలు, అక్కడ పనిచేసినవారి జ్ఞాపకాలు నమోదు కావాలి. ఈ పనిలో చరిత్ర, తెలుగు, ఉర్దూ శాఖల పరిశోధకులకు పాత్ర ఉంది. రెండవది, పాత భవనానికి ప్రజలు నిత్యం వచ్చిపోయే కొత్త వినియోగం ఉండాలి. తాళం పడిన గోడలు ఎంత అందమైనవైనా శిథిలం కాక తప్పదు. దారుల్‌షిఫాకు కనీసం పేరు మిగిలింది. ఎదుటి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి అంతకంటే ఎక్కువ మిగిల్చే అవకాశం ఇంకా మన చేతిలోనే ఉంది.