ధూళి తుఫానులో ప్రాణం తీసేదేది?

ధూళి తుఫాను అనగానే చాలామందికి ఎడారి, ఒంటెలే గుర్తొస్తాయి. కిటికీలు మూసుకుంటే సరిపోయే సంగతిలా ఉంటుంది. మరి 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వందమందికి పైగా ఎలా చనిపోయారు? ఆగ్రా, భరత్‌పూర్, అల్వర్ వైపు కూలిన గోడలు, కప్పులు, చెట్ల కింద పడి. వాళ్ళలో చాలామంది నిద్రలో ఉన్నవాళ్ళే.

అసలిది ఎలా పుడుతుందంటే, ఎండాకాలంలో ఉరుముల మేఘం నుంచి జారే చినుకులు కిందున్న పొడిగాలిలో సగం దారిలోనే ఆవిరైపోతాయి. దాంతో అక్కడి గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నేలను తాకి పక్కలకు పరుగెడుతూ, ఎండిన మట్టిని ఎత్తుకుని గోడలా వస్తుంది. నిమిషాల్లో ఎదుటి మనిషి కనపడడు.

మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న ముంబయికీ ఇది తప్పలేదు. 2024 మే 13న అలాంటి దుమారంలోనే ఘాట్‌కోపర్‌లో పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది పోయారు. 40 అడుగులకు మించకూడదని నియమం. అది 120 అడుగులుంది! గాలి ఆకాశం నుంచి వచ్చింది సరే, మిగతా 80 అడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయని నేనడుగుతున్నా.

గాలి ఆగినా సన్నటి ధూళి వెంటనే దిగదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అసలు కష్టం అప్పుడే. మర్నాడు ఇల్లు శుభ్రం చేసేది ఎలాగూ మనమే కదా (ఎందుకో మరి!), పొడి చీపురు పట్టకండి. తడిగుడ్డతో తుడిస్తే దిగిన ధూళి మళ్ళీ లేవదు.